మెషిన్ ఒప్పుకున్న సవరం

ఆమె ఆమె కాదని మెషిన్ చెప్పింది. అది తప్పని తెలిసిన మనుషులే తలూపి ఆమెను పనిలోంచి తీసేశారు.

ముందు ఈ మాట చెప్పేసి తర్వాత మిగతాది చెబుతున్నాను. మిగతాది ముందు మొదలుపెడితే మీలో సగంమంది మధ్యలోనే "కొత్త టెక్నాలజీ కదా తాతా, చిన్న చిన్న పొరపాట్లు మామూలే" అంటారు. మా మనవడూ అదే మాట అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. పొరపాటు మెషిన్‌దైతే మామూలు, మనిషిదైతే మోసం. ఈ తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందని మీలో ఒక్కరైనా అడుగుతారేమోనని ఇది రాస్తున్నాను.

నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాను. తెలుగేమో వాట్‌గంజ్‌లోని మా సంఘం గదిలో పాత పత్రికలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. బెంగాలీ ట్రాముల మీద బోర్డులు చూసి, ఇంగ్లీషు కంపెనీ నోటీసులు తిట్టుకుంటూ. నా వాక్యాలు అక్కడక్కడ వంకరగా ఉంటే సర్దుకోండి. జ్ఞాపకంలో మాత్రం వంకర లేదు.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడి డాకులో, అంటే ఓడరేవులో, బస్తాలు మోయడానికి వచ్చాడు. నేనూ అదే డాకులో చేరాను. ఆ రోజుల్లో గేటు దగ్గర మనిషికో ఇత్తడి బిళ్ళ ఇచ్చేవాళ్ళు. బిళ్ళ ఉంటే లోపలికి, లేకపోతే ఇంటికి. మరి బిళ్ళ పోగొట్టుకున్నవాడి గతేమిటంటారా? వాడి ముఠా సర్దారు వచ్చి, వాడి భుజం మీద చెయ్యి వేసి, గేటు బాబుతో "ఆమార్ లోక్" అనేవాడు. నా మనిషి అని. అంతే, గేటు తెరుచుకునేది. రేపు వాడేదైనా దొంగతనం చేస్తే సర్దారు పరువు, సర్దారు పని రెండూ పోతాయని అందరికీ తెలుసు. ఆ చెయ్యి వెనకాల అంత బరువుండేది.

సర్దార్లందరూ దేవుళ్ళని చెప్పను. సొంత ఊరివాణ్ణి తప్ప ఇంకొకణ్ణి దగ్గరికి రానివ్వనివాళ్ళున్నారు. ఒకడి బదులు ఇంకొకణ్ణి పంపి నోరు మెదపనివాళ్ళున్నారు. కానీ అన్యాయం చేసిన సర్దారుకి ఒక ఇల్లుండేది, ఇంటికి గుమ్మం ఉండేది. వెళ్ళి ఆ గుమ్మం ముందు నిలబడి అరిచిరావొచ్చు. నేను అరిచాను కూడా.

తర్వాత కంటెయినర్లు వచ్చాయి. సరుకంతా ఇనప పెట్టెల్లో కుక్కి, పెట్టెని పెట్టెలాగే క్రేను ఎత్తుకుపోతుంటే ముఠాలకి చూస్తూ నిలబడటమే మిగిలింది. మా పెద్దవాళ్ళు "ఈ పెట్టెలెన్నాళ్ళులే" అన్నారు. పెట్టెలు ఉన్నాయి, పెద్దవాళ్ళు పోయారు. కాబట్టి కొత్తది వస్తే పాతది పోతుందని నాకెవరూ పాఠం చెప్పక్కర్లేదు. కంటెయినర్ నా పని తీసుకుంది. అయినా ఏ క్రేనూ కిందికి వంగి నా ముఖంలోకి చూసి "నువ్వు నువ్వు కాదు" అనలేదు.

డాకు పని పోయాక భవనాలు ఊడ్చి తుడిచే ఒక కంపెనీలో చేరాను. మా సందులో ఆడవాళ్ళని కూడగట్టి తీసుకెళ్ళినందుకు నన్ను సూపర్‌వైజర్ చేశారు. వాళ్ళు మాత్రం సర్దార్ మావా అనే పిలిచేవాళ్ళు. మొదట్లో ఆఫీసులు తుడిచేవాళ్ళం. తర్వాత కంపెనీ న్యూ టౌన్ వైపు తిరిగింది. అక్కడ మబ్బుల్లోకి లేచిన అపార్ట్‌మెంట్లు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఉద్యోగాలకు పోయే ఇళ్ళు, ఒంటరిగా ఉండే ఆడపిల్లల ఇళ్ళు, తమ ఇష్టంతోనే ఒంటరిగా ఉండే ముసలివాళ్ళ ఇళ్ళు. వాళ్ళకి నెల పొడుగునా పనిమనిషి అక్కర్లేదు. ఫోన్ నొక్కితే గంటసేపు వచ్చి తుడిచి వెళ్ళే మనిషి కావాలి. దానికన్నా ముందు, గంట కొట్టింది ఎవరో తలుపు తీయకముందే తెలియాలి.

మా కంపెనీకి సలహాలిచ్చే ఒకాయన ఉండేవాడు. కుర్రవయసు, మర్యాద తెలిసినవాడు. ఆయన మాకొక మీటింగ్‌లో చెప్పాడు: "ఇకమీదట మనం చీపుర్లు అమ్మడం లేదు, నమ్మకం అమ్ముతున్నాం. మీ ముఖమే మన సరుకు." నేను ముందు నవ్వుకున్నాను, తర్వాత ఆలోచిస్తే నిజమే అనిపించింది. సర్దార్లు అమ్మిందీ అదే కదా. భుజం మీద చెయ్యి ఉన్నచోట ఇప్పుడు గేటు దగ్గర మెషిన్ పెట్టారు. ముఖం చూపిస్తే పచ్చ లైటు వెలిగి పేరు పలుకుతుంది, హాజరు పడుతుంది, ఫ్లాట్ వాళ్ళ ఫోన్లోకి ఫొటో వెళుతుంది. జీతం లెక్కా అందులోంచే.

మా ఆడవాళ్ళు దాంతో బాగానే సర్దుకున్నారు. పౌడరు రాసుకుని మరీ చూపించేవాళ్ళు. "మొగుడు పేరెట్టి పిలవడు, ఇదైనా పిలుస్తంది" అని ఒకావిడ రోజూ దానికి దణ్ణం పెట్టేది. ఆ ఒకావిడ గురించి తర్వాత చెబుతాను, ఆవిడే ఈ కథలో సవరం తెచ్చింది.

ఇక అసలు మనిషి. మా సందులో అందరూ ఆమెను కోడలనే పిలుస్తారు. పెళ్ళై మా సందుకి వచ్చినప్పటి పిలుపు అలాగే ఉండిపోయింది. నేనూ కోడలనే రాస్తాను. ఆమె మొగుడు డాకులోనే కూలి. ఆ వానాకాలం అతనికి డెంగీ వచ్చి మనిషి మనిషిలా లేకుండా పోయాడు. ఆస్పత్రివాళ్ళు కూడా ఇంటివాళ్ళకి ధైర్యం చెప్పడం మానేశారు. కోడలు ఆ వరండాలో కూర్చునే సింహాద్రి అప్పన్నకి మొక్కుకుంది: ఇతను లేచి నడిస్తే తలనీలాలిస్తానని. అతను లేచాడు, నడిచాడు. కోడలు సెలవు పెట్టి రైలెక్కి కొండకి వెళ్ళి మొక్కు తీర్చుకుని, గుండుకి గంధం పూసుకుని, అందరికీ ప్రసాదం పట్టుకుని వచ్చింది. జడ మోకాళ్ళ దాకా ఉండేది ఆమెకి. దాని గురించి ఒక్క మాట బాధపడలేదు. "మనిసి కన్నా జుట్టేటి మావా" అంది.

మర్నాడు పొద్దున్న గేటు దగ్గర మెషిన్ ఎర్ర లైటు వెలిగించింది.

గేటు కాపలాదారు పెద్దవయసు బెంగాలీ. కోడలికి రోజూ నమస్కారం చెప్పేవాడు. "ముఖ్ మిల్ఛే నా, దీదీ," అన్నాడు. ముఖం కలవడం లేదట.

"ఓలే, ఆ కొంగు తియ్యి, సరిగ్గా సూపించు," అంది కోడలి ఆడపడుచు. మెషిన్‌కి దణ్ణం పెట్టే ఆవిడ ఈవిడే.

కోడలు కొంగు తీసింది. గుండు చూసి కాపలాదారు నవ్వబోయి, నుదుట బొట్టూ గంధమూ చూసి చేతులు జోడించాడు. మెషిన్ మళ్ళీ ఎర్రగా వెలిగింది. కోడలు పక్కకి తిరిగి చూపించింది. తల ఎత్తి చూపించింది. ఎరుపే.

"ఇదేటి వదినా, నాను నాను కాదంతంది?" అంది కోడలు.

"గుండుని సూసి బయపడిపోనాది. రేపటికి తేరుకుంటాది."

నేను ముందుకి వెళ్ళాను. ఎందుకు చేశానో తెలియదు, చెయ్యి దానంతట అదే లేచింది. కోడలి భుజం మీద చెయ్యి వేసి కాపలాదారుతో "ఆమార్ లోక్" అన్నాను.

అతను నావైపు జాలిగా చూశాడు. "జానీ, దాదా. కింతు ఓ తో షోనే నా," అన్నాడు. నాకు తెలుసు, కానీ అది వినదు కదా అని. అది అంటూ మెషిన్ వైపు చూపించాడు. తన పూచీ మీద ఆ పూట లోపలికి వదిలాడు. కోడలు రోజంతా పని చేసింది. మెషిన్ దృష్టిలో ఆమె రాలేదు.

ఆ సాయంత్రం బస్సులో ఆడపడుచు ఉపాయం చెప్పింది. ఆవిడ జుట్టు పలచన, అందుకని పెళ్ళిళ్ళకి పెట్టుకోవడానికి మంచి సవరం కొనిపెట్టుకుంది. "దానికి జుట్టు కావాలా? జుట్టే ఇద్దుము!" నాకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. చెబితే నేనూ నవ్వేవాణ్ణే. మర్నాడు కోడలు సవరాన్ని యూనిఫాం టోపీ లోపలికి క్లిప్పులతో గుచ్చి, ఆ టోపీ తలకి బిగించి, జడ భుజం మీంచి ముందుకేసుకుని మెషిన్ ముందు నిలబడింది. పచ్చ లైటు. పేరు పలికింది. స్వాగతం కూడా చెప్పింది.

ఇద్దరూ మెట్ల దగ్గరికి వెళ్ళి పొట్ట పట్టుకుని నవ్వారట. "నిన్ను గుర్తట్టనేదు గానీ నా సవరాన్ని గుర్తట్టింది సూడు!" అని ఆడపడుచు ఆ ముచ్చట వారం పొడుగునా సందులో అందరికీ చెప్పుకుంది.

ఆ సవరమే కొంప ముంచింది. ఒకరోజు ఉక్కపోత. కోడలు లాబీ తుడుస్తూ చెమటకి తట్టుకోలేక టోపీ, సవరం తీసి బకెట్ పిడికి తగిలించింది. పైన కెమెరా ఉంది. గేటు దగ్గర పచ్చ లైటు పడిన ముఖం ఒకటి, అదే పేరు మీద లోపల పని చేస్తున్న ముఖం ఇంకొకటి. మెషిన్ రెండూ పక్కపక్కన పెట్టుకుని తేల్చేసింది: ఒకరి పేరు మీద ఇంకొకరు పని చేస్తున్నారని. మా కంపెనీ ఆ మెషిన్ పెట్టుకున్నదే అలాంటివాళ్ళని పట్టుకోవడానికి. అది పట్టుకుంది. మర్నాటికి కోడలి పేరు నిలిపేశారు. అంటే ఫోన్లో పని పిలుపు రాదు, గేటు తెరుచుకోదు. మోసం కింద ఆపారు కాబట్టి ఇంకెక్కడ ఈ మెషిన్ ఉంటే అక్కడా తెరుచుకోదు. న్యూ టౌన్‌లో ఇంచుమించు ప్రతి గేటుకీ అదే మెషిన్.

నేను మేనేజరమ్మ దగ్గరికి వెళ్ళాను. హైదరాబాదు పిల్ల, మా ఆఫీసుకి కొత్తగా వచ్చింది. తెలుగు మాట్లాడే మనిషి దొరికానని నాకు టీ తెప్పించకుండా ఎప్పుడూ పంపేది కాదు.

"కూసోండి అంకుల్. నాకు తెల్వదా గుండంటే ఏందో? మా అమ్మమ్మ గుట్టకు పోయి గుండు చేయించుకొని వస్తే మా తమ్ముడు గుర్తుపట్టక ఏడ్చిండు."

"మరింకేటమ్మా? నీకు తెలుసు, నాకు తెలుసు, గేటు దాదాకి తెలుసు. మెషిన్ ఒక్కదానికి తెలీదు. ఎవరి మాట చెల్లాలి?"

"పేరు ఆపింది మనం కాదంకుల్. మెషిన్ కంపెనోళ్ళు. మనం కిరాయికి తీసుకున్నమంతే. తెరవాల్నన్నా ఆళ్ళే తెరవాలె."

"ఆళ్ళెక్కడుంటారు?"

"వేరే ఊర్ల. నేను గూడ ఎన్నడూ చూడలే."

తన కంప్యూటర్ నావైపు తిప్పి చూపించింది. ముఖం ఎందుకు మారిందో కారణం చెప్పమని ఒక గడి. అందులో సొంతంగా రాయడానికి లేదు, ఉన్నవాటిలోంచి ఏరుకోవాలి. కళ్ళజోడు మార్చారు. గాయమైంది. గడ్డం పెంచారు. మళ్ళీ మళ్ళీ చదివాను. గడ్డం పెంచిన మగాడికి దారి ఉంది, మొక్కు తీర్చుకున్న ఆడదానికి లేదు.

"పోనీ గడ్డమని పెట్టెయ్యమ్మా," అన్నాను.

ఫక్కున నవ్వింది. నవ్వుతూనే నిజంగా పెట్టి చూసింది. ఆడవాళ్ళకి ఇది వర్తించదని ఎర్రక్షరాల్లో జవాబొచ్చింది. అప్పుడు నవ్వు ఆగిపోయింది. "ఇది మాత్రం బాగనే తెలుసు దానికి," అంది.

ఆ రోజు నుంచి నేను ఫిర్యాదులు రాయడం మొదలుపెట్టాను. మనవడు ఫోన్లో ఎక్కడ రాయాలో చూపించాడు. రాసిన మరుక్షణం జవాబు. "మీ సహనానికి ధన్యవాదాలు." నాకు సహనం ఉందని దానికెవరు చెప్పారు? నా పెళ్ళాం బతికున్నప్పుడు కూడా నా గురించి ఆ మాట అనలేదు. మళ్ళీ రాశాను. మళ్ళీ ధన్యవాదాలు. ఒకసారి కోపం పట్టలేక తెలుగులో నాలుగు మాటలు తిట్టి పంపాను. దానికీ ధన్యవాదాలే.

కోడలు ఈలోగా ఇంటి అరుగు మీద పూలు మాలలు కట్టడానికి కూర్చుంది. మొగుడు ఇంకా బరువు ఎత్తలేడు. ఆమె బెంగ పని పోయినందుకు ఒక్కటే కాదు. "పోతే పోనీ మావా, ఇంకో పని సూసుకుంతాను. దొంగ పేరెట్టి పంపినారు. రేపు మా అక్క కూతురు అదే గేటుకాడికి పన్లోకెల్తే, దొంగదాని మనిసంటారు గదా?" అంది. తప్పు నాదేనని ఆడపడుచు సవరం పొయ్యిలో వెయ్యబోతే కోడలే లాక్కుంది. "దాని తప్పేటి? అదొక్కటే నన్ను లోపలికి తీసికెల్లింది."

ఇంతలో నా పదవీ విరమణ వచ్చింది. కంపెనీవాళ్ళు ఏటా ఫ్లాట్ల సంఘాల పెద్దల్ని పిలిచి న్యూ టౌన్‌లో ఒక హాల్లో సభ పెడతారు. కొత్తగా ఏం చేస్తున్నారో చూపించి, భోజనం పెట్టి పంపుతారు. ఆ సభలోనే నాకు శాలువా కప్పుతామన్నారు. ఇంట్లోవాళ్ళు ఒకర్ని తెచ్చుకోవచ్చన్నారు. నా భార్య లేదు. కోడల్ని తీసుకెళ్ళాను. ఎవరని అడిగితే కోడలన్నాను, అందులో అబద్ధమేముంది?

శాలువా కప్పారు. చప్పట్లు కొట్టారు. మేమిద్దరం చివరి వరసలో కూర్చున్నాం. సలహాదారు వేదికెక్కాడు. బాగా మాట్లాడాడు, కాదనను. నగరాలు ఎలా మారుతున్నాయో చెప్పాడు. ఒంటరిగా ఉండేవాళ్ళు పెరుగుతున్నారనీ, పొరుగింటివాళ్ళ పరిచయం తగ్గుతోందనీ, అపరిచితులంటే భయం పెరుగుతోందనీ, ఆ భయం తీర్చగలిగిన కంపెనీలే రేపు మిగులుతాయనీ చెప్పాడు. నాకు కంటెయినర్లు గుర్తొచ్చాయి. ఇదే మాట ఎవరైనా అప్పట్లో మా నాన్నకి ఇంత మర్యాదగా చెప్పి ఉంటే బాగుండేది అనుకున్నాను.

అప్పుడు తెర మీద రెండు ఫొటోలు పడ్డాయి. కళ్ళ మీద నల్ల పట్టీలు. ఎడమవైపు జడతో ఒక ఆడమనిషి, కుడివైపు గుండుతో ఒక ఆడమనిషి.

"ఒక గుర్తింపు మీద ఇద్దరు," అన్నాడు సలహాదారు. "మనిషి కన్ను దీన్ని పట్టుకోలేకపోయింది. మన మెషిన్ పట్టుకుంది."

హాలంతా చప్పట్లు. కోడలు నా చొక్కా పట్టుకుంది.

"మావా, అది నానే గదా?"

"నువ్వే."

"మరి ఇద్దరంతాడేటి?"

"లెగు. లేచి చెప్పు."

"నాను లెగను మావా. సిగ్గు."

నేనే లేచాను. శాలువా జారిపోతుంటే పట్టుకుని, కోడలి భుజం మీద చెయ్యి వేసి, ఉన్న గొంతంతా పెట్టి "ఆమార్ లోక్!" అని అరిచాను. ముందు వరసలవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ముసలాయన సన్మానానికి చలించిపోయి తనవాళ్ళని పరిచయం చేస్తున్నాడనుకున్నారు కాబోలు, నాకు ఇంకోసారి చప్పట్లు కొట్టారు. ఒకాయన నవ్వుతూ చెయ్యి ఊపాడు. ఇంత వయసొచ్చాక నాకు ఏడుపు రావడం అదే మొదలు. కూర్చుండిపోయాను.

ముందు వరసలో ఒక పెద్దావిడ ఉంది. బడి టీచరుగా చేసి రిటైరైంది, ఫ్లాట్‌లో ఒక్కతే ఉంటుంది. కోడలు రోజూ ఆవిడ ఇంటికి వెళ్ళేది. మాషిమా, అంటే పిన్నిగారూ అని పిలిచేది. చప్పట్లు ఆగాక ఆవిడ కర్ర ఊతంగా లేచి తెర దగ్గరికి నడిచింది. కళ్ళజోడు సర్దుకుని రెండు ఫొటోలూ చూసింది.

"ఏ తో ఏకీ మేయే!" అంది. ఇద్దరెక్కడ, ఇది ఒకటే పిల్ల కదా అని. "ఈ గుండుతో మా ఇంటికొచ్చింది. నాకు ప్రసాదం పెట్టింది. వాళ్ళాయన బతికాడని ఇద్దరం కూర్చుని ఏడ్చాం."

"మేడమ్, పోలికలుండొచ్చు," అన్నాడు సలహాదారు మెల్లగా.

"బాబూ, కవలపిల్లలు ఒకరి పరీక్ష ఒకరు రాయబోతే పట్టుకున్నదాన్ని నేను."

హాలు నవ్వింది. ఆ నవ్వులో నా పక్క కుర్చీ చప్పుడైంది. చూస్తే కోడలు లేచి నిలబడి ఉంది. ఎవరూ లేపలేదు. కొంగు తల మీంచి తీసింది. జుట్టు అప్పటికి పొట్టి నూగులా మొలిచింది. బెంగాలీలో ఒకే మాట అంది:

"ఆమి తో ఆమి-ఇ."

నేను నేనే కదా.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సలహాదారు తెర వైపు చూశాడు, కోడలి వైపు చూశాడు, మళ్ళీ తెర వైపు చూశాడు. చెడ్డవాడైతే నవ్వేసి తర్వాతి ఫొటోకి పోయేవాడు. అతను వేదిక దిగి, చివరి వరస దాకా నడిచొచ్చి, ఆమె ముందు చేతులు జోడించాడు. "తప్పు నాది. నేను చూసుకుంటాను," అన్నాడు. మేనేజరమ్మ గోడకి ఆనుకుని కళ్ళు తుడుచుకుంటోంది.

అతను నిజంగానే చూసుకున్నాడు. ఆ రాత్రే మెషిన్ కంపెనీకి రాశాడట. మేనేజరమ్మ తర్వాత నాకు చెప్పింది, అతనికి వచ్చిన జవాబు: "మీ సహనానికి ధన్యవాదాలు."

ఇక్కడ నాకు అర్థమైన సంగతి ఇది. మా కంపెనీవాళ్ళు దుర్మార్గులు కారు. సలహాదారు కాడు, మేనేజరమ్మ కాదు, కాపలాదారు అంతకన్నా కాడు. తప్పని అందరికీ తెలుసు. దిద్దే చెయ్యి మాత్రం వాళ్ళెవరి దగ్గరా లేదు. నమ్మకం అమ్ముతామని బయల్దేరిన కంపెనీ, ఎవర్ని నమ్మాలన్న తీర్పుని ఇంకొకరి దగ్గర కిరాయికి తెచ్చుకుంది. కిరాయికిచ్చినవాడికి గుమ్మం లేదు. ఎక్కడికి పోయి అరవను?

సభ అయ్యాక మాషిమా చేసిన పని చెప్పాలి. కంపెనీ పంపిన వేరే మనిషి వద్దంది. కోడల్ని సొంతంగా పనిలో పెట్టుకుంటానంటే గేటు ఒప్పుకోలేదు, ఆపిన పేరుకి పనిమనిషిగా ప్రవేశం లేదు. అప్పుడావిడ ఫోన్లో ఏదో నొక్కి కోడలికి ఒక నంబరు పంపింది. చుట్టాలకి పంపే నంబరట. అది చెబితే గేటు తెరుస్తారు. చుట్టాల ముఖం చూడరు. ఫ్లాట్ల సంఘంవాళ్ళు ఇంటికొచ్చే బంధువుల ముఖాలు పరీక్షిస్తే మర్యాదగా ఉండదని మొదటే చెప్పారట.

కోడలు మంచి చీర కట్టుకుని వెళ్ళింది. గేటు దాదా నవ్వుతూ నమస్కారం పెట్టాడు. లోపల మాషిమా సోఫా చూపించి కూర్చోమంది. ఏళ్ళ తరబడి తుడిచిన సోఫా అది, ఎప్పుడూ కూర్చోలేదు.

"అంచు మీద కూకున్నాను మావా," అంది నాకు చెబుతూ. "ఆవిడే టీ ఎట్టి తెచ్చింది. సేతులేం సెయ్యాలో తెల్లేదు. ఆవిడటు తిరగ్గానే గబుక్కున కప్పు కడిగేసినాను. కేకలేసింది!"

"ఏమని?"

"సుట్టాలు కప్పులు కడగరని."

అలా అప్పుడప్పుడూ వెళ్ళేది. పనిమనిషిగా పనికిరాని ముఖం చుట్టంగా పనికొచ్చింది. పూలు పట్టుకెళ్ళేది, పిండివంటలు తెచ్చేది. కడుపు మాత్రం మాలలతోనే నిండాలి. మీదపడ్డ దొంగ పేరు మాత్రం అలాగే ఉంది. కంపెనీ తర్వాతి సభలో ఆ రెండు ఫొటోలూ చూపించలేదని విన్నాను.

నేను రాయడం ఆపలేదు. మేనేజరమ్మ ఇంకో ఉద్యోగానికి బెంగుళూరు వెళ్ళిపోతూ కూడా నా ఫిర్యాదు తన తర్వాత వచ్చినవాళ్ళకి అప్పగించి వెళ్ళింది. "అంకుల్, గమ్మున కూసోకుండ్రి, రాస్తనే ఉండుండ్రి," అంది. రాస్తూనే ఉన్నాను. దుర్గా పూజ వచ్చి వెళ్ళింది. ఎండాకాలం వచ్చింది. మళ్ళీ పూజ వచ్చింది.

మీలో కొందరు ఆ న్యూ టౌన్ ఆఫీసుల్లోనే కూర్చుని ఇలాంటి మెషిన్లకి కళ్ళు పెడుతుంటారు. మీ పని ఆపమని నేను చెప్పను, ఆపరని తెలుసు. ఒకటే అడుగుతాను. కళ్ళు పెట్టేటప్పుడు ఎక్కడో ఒకచోట చెవి కూడా పెట్టండి. ఒక మనిషి ఇంకో మనిషి భుజం మీద చెయ్యి వేసి "నా మనిషి" అంటే వినిపించేలాగా. ఆ అన్నవాణ్ణి నిలదీయండి, రేపు తేడా వస్తే వాడి మెడ పట్టుకోండి. విననని మాత్రం అనకండి.

మొన్న పొద్దున్న జవాబు వచ్చింది. ధన్యవాదాలు కాదు, నిజం జవాబు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని పట్టుకుని నేరుగా కోడలింటి అరుగు దగ్గరికి వెళ్ళాను. ఆమె పూల బుట్ట పక్కన కూర్చుని ఉంది. ఆడపడుచు వెనకాల కూర్చుని ఆమె తల దువ్వుతోంది. జుట్టు భుజాలు దిగింది. పొట్టిదే అయినా జడ పడుతోంది, చివర కనకాంబరాలు కూడా తురిమింది.

"ఏటి రాసినారు మావా?" అంది కోడలు.

నిలబడే చదివాను. ఒక్క ముక్క కలపకుండా, తీయకుండా తెలుగులో చెబితే ఆ జవాబు ఇది:

"మీ ఫిర్యాదును పూర్తిగా పరిశీలించాము. సదరు కార్మికురాలిపై మోసం ఆరోపణను తొలగించాము. ఆమె పాత ముఖాన్ని మా వ్యవస్థ నుంచి శాశ్వతంగా తీసివేసి, గేటు వద్ద నిరాకరించబడిన నాటి జుట్టు లేని ముఖాన్ని ఆమె సరైన ముఖంగా నమోదు చేశాము. రేపటి నుంచి ఆమె పనిలోకి రావచ్చు. ఇకముందు ఇటువంటి అసౌకర్యం కలగకుండా, ఆమె తన రూపాన్ని మార్చుకోకుండా చూడగలరు."